ఎర్ర పెట్టె

ఆ ఆఫీసులో ప్రోగ్రాములు రాసేవాళ్ళకి ఒక గౌరవం ఉండేది, వాటిని అమ్మేవాళ్ళకి అంతకంటే కాస్త ఎక్కువ గౌరవం ఉండేది. డాక్యుమెంట్లు రాసే ఆమెకు మాత్రం ఒక పేరు ఉండేది. పంతులమ్మ. ఎవరు ఏ వాక్యం రాసి పంపినా దాన్ని నిలబెట్టి నాలుగు ప్రశ్నలు వేసిగాని వదలదని ఆ పేరు పెట్టారు. మొదట్లో ఆమెకు ఒళ్ళు మండేది. ఆమె టీ కప్పు మీద ఎవరో స్కెచ్‌పెన్నుతో ఆ పేరే రాసేసరికి, పోనీలే, ఇకనుంచి నా కప్పు ఇంకొకరు ముట్టుకోరు కదా అని ఊరుకుంది.

ఆ కంపెనీ చేసేది ఒకరకమైన మధ్యవర్తిత్వం. మూత్రపిండాలు పాడై, రక్తం శుభ్రం చేయించుకోవడానికి వారంలో రోజు విడిచి రోజు క్లినిక్‌కి వెళ్ళవలసినవాళ్ళు ఉంటారు. వాళ్ళను ఇంటి దగ్గర ఎక్కించుకుని తీసుకువెళ్ళడానికి బండి కావాలి. ఆ బండిని క్లినిక్ కంప్యూటరు ఈ కంపెనీ కంప్యూటరును అడుగుతుంది. ఎలా అడగాలి, అడిగితే ఏం జవాబు వస్తుంది, రాకపోతే ఏం చెయ్యాలి అన్నదంతా రాసి పెట్టడం ఆమె పని. ఆఫీసు భాషలో దాన్ని ఏపీఐ డాక్యుమెంటేషన్ అంటారు. ఇంట్లో అక్క అడిగితే, "మొహం తెలియని మనిషికి దారి చెప్పడం" అనేది.

మంగళవారం ఉదయం ఆమె సంచీ ఇంకా కుర్చీకి తగిలించకముందే గాజు గదిలోంచి మేనేజరు చెయ్యి ఊపాడు. లోపల గడ్డం అప్పటికే కూర్చుని ఉన్నాడు. బండ్ల ప్రోగ్రామంతా రాసింది అతనే. మొహంలో గడ్డం తప్ప ఇంకేమీ కనిపించదు గనక అందరూ అతన్ని అలాగే పిలుస్తారు. ఆ వేళ అతను తలెత్తకుండా బల్ల వైపే చూస్తున్నాడు.

"నిన్న ఒక క్లినిక్‌తో గొడవైందమ్మా," అన్నాడు మేనేజరు. "పొద్దున్న నెట్టు సరిగ్గా లేదు. వాళ్ళ కంప్యూటరు బండి అడిగింది, మన జవాబు ఆలస్యమైంది. రాలేదనుకుని అది మళ్ళీ అడిగింది. దాంతో..."

"రెండు బుకింగులూ పోయాయి," అంది ఆమె. "నేను చెప్పాను కదండీ. వైరు పీకి మరీ చూపించాను."

చూపించిన మాట నిజమే. ఏ సంగతైనా తను చేసి చూడకుండా రాసే అలవాటు లేదామెకి. ఈ పేజీ రాస్తున్న రోజుల్లో, అడిగిన మాటకు జవాబు రాకముందే నెట్టు వైరు పీకేసి, మళ్ళీ పెట్టి, మళ్ళీ అడిగి చూసింది. రెండోసారి అడిగినదాన్ని సిస్టమ్ మొదటిదానికి మార్పు అనుకుంటోంది. మొదటిదాన్ని రద్దు చేస్తూ చేస్తూ రెండోదాన్ని కూడా ఊడ్చేస్తోంది. బండి ఉండదు, బండి లేదన్న కబురూ ఉండదు. పరుగున పోయి గడ్డాన్ని పిలుచుకొచ్చి చూపిస్తే అతను తాపీగా అన్నాడు: "అది బగ్గు, పంతులమ్మా. బగ్గును డాక్యుమెంటులో ఎక్కిస్తే జనం అదే రూలనుకుంటారు. వచ్చే వెర్షన్‌లో సరిచేస్తాను, రాయకు." ఆ మాట ఆ ఆఫీసులో అందరూ ఒప్పుకునేదే. లోపం ఉంటే సరిచెయ్యాలిగాని రాయకూడదు. వెర్షన్లు వచ్చాయి, పోయాయి. ప్రతిసారీ అంతకంటే తొందర పని ఇంకోటి వచ్చి పడింది. అటు రాయకా, ఇటు సరిచెయ్యకా, ఆ లోపం మధ్యలో హాయిగా బతికింది.

"సరే, ఇప్పుడు రాయమ్మా," అన్నాడు మేనేజరు. "ఎంత స్పష్టంగా రాయగలవో అంత స్పష్టంగా. మధ్యాహ్నానికల్లా పేజీలో ఉండాలి."

సంగతి అంత చెడ్డదైనా, సిగ్గు విడిచి చెప్పాలంటే, ఆమెకు నెత్తిన పాలు పోసినట్టయింది. రాయమన్నారు. అదీ స్పష్టంగా రాయమన్నారు.

కొత్తగా చేరినవాళ్ళు డాక్యుమెంట్లు చదువుతుంటే ఆమె పక్కన కూర్చుని వాళ్ళ కళ్ళనే చూసేది. ఆ కళ్ళు పేజీలో నడవవు, దూకుతాయి. దూకి నేరుగా నమూనా ప్రోగ్రాం ఉన్న చోట పడతాయి. అక్కడ కాపీ బటన్ ఉంటుంది. అది నొక్కాక మిగతా పేజీ ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. హెచ్చరికను నమూనా కింద పెట్టడం దండగని ఆమెకు అలా తెలిసింది. పైనే పెట్టాలి, ఎర్ర పెట్టెలో పెట్టాలి, చదివేవాడు కాలు తట్టుకుని ఆగాలి.

మొదట రాసిన వాక్యం ఇలా ఉంది: 'కొన్ని సందర్భాలలో అభ్యర్థన పునరావృతమైనప్పుడు బుకింగుపై ప్రభావం ఉండవచ్చు.' చదువుకుని మొహం చిట్లించింది. ఏ సందర్భాలు? ఏం ప్రభావం? ఉంటుందా, ఉండవచ్చా? కొట్టేసింది. టీ చల్లారింది. పెదవులు కదిలిస్తూ రాసి, చెరిపి, చివరికి దీని దగ్గర ఆగింది: 'జవాబు రాలేదని అదే అభ్యర్థనను మళ్ళీ పంపకండి. పంపితే రెండు బుకింగులూ రద్దవుతాయి, బండి రాదు. బుకింగు ఉందో లేదో ముందు అడగండి. లేదని తేలాకే మళ్ళీ పంపండి.' కింది నమూనాలో కూడా ఆ అడగడం చేర్చింది. నడిపి చూసింది. వైరు పీకి చూసింది. ఈసారి బుకింగు నిలబడింది.

మేనేజరు ఆమె వెనక నిలబడి చదివాడు. "బ్రహ్మాండం. చంటిపిల్లకైనా అర్థమవుతుంది. ఒక్కటి మాత్రం చెయ్యి. కింద తేదీ మారనివ్వకు. 'చిన్న సవరణ' అని టిక్కు పెట్టెయ్యి."

ప్రతి పేజీ అడుగునా అది చివరిసారి ఎప్పుడు మార్చారో తేదీ ఉంటుంది. అక్షర దోషం దిద్దినా, చుక్క పెట్టినా తేదీ మారిపోతుంటే వాడేవాళ్ళు కంగారుపడతారని, అలాంటివాటికి ఒక టిక్కు ఏర్పాటు చేశారు. ఆ టిక్కు పెడితే పాత తేదీయే ఉంటుంది. ఆమె దాన్ని ఎన్నోసార్లు వాడింది.

"ఇది చిన్నదేనంటారా?" అంది.

"పట్టుమని ఐదు వాక్యాలు లేవు. పెద్దదెలా అవుతుందమ్మా?"

ఆమె టిక్కు పెట్టింది. ఏదో ముల్లులా గుచ్చుకుంది గాని, వాక్యం బాగా కుదిరిన సంతోషంలో దాన్ని పట్టించుకోలేదు.

*

బుధవారం క్లినిక్ వాళ్ళతో మీటింగు. గోడ మీది తెరలో రెండు మొహాలు కనిపించాయి. ఒకావిడ క్లినిక్ పెద్ద డాక్టరు. ప్రశ్న వేస్తే జవాబు వచ్చేదాకా రెప్ప వెయ్యని రకం. ఆమె పక్కన కుర్చీ అంచు మీద కూర్చున్నది వాళ్ళ ప్రోగ్రామర్. యాభై దాటిన మనిషి, చొక్కా మెడ బొత్తాం దాకా పెట్టుకున్నాడు. ఆ క్లినిక్ కంప్యూటర్లన్నీ ఆయన ఒక్కడే చూసుకుంటాడట.

ఇటువైపు మేనేజరు, గడ్డం, ఒక మూల పంతులమ్మ. మీటింగుల్లో ఆమె పని ఎవరేమన్నారో రాసుకోవడం. ఆమె ముందు మైకు ఎప్పుడూ ఆపేసి ఉంటుంది.

"మీ పేజీలో ఉన్న నమూనానే తీసుకున్నామండీ," అన్నాడు ఆయన. "జవాబు రాకపోతే ఏం చెయ్యాలో అక్కడ లేదు. మరి బండి రాకపోతే మనిషి ప్రాణం మీదికి వస్తుంది కదా. అందుకని మళ్ళీ అడిగేలా రాశాను."

"మీ ఇబ్బంది నాకర్థమైందండీ," అన్నాడు మేనేజరు, ఎంతో మెత్తగా. "ఒక్కసారి పేజీ చూద్దామా?"

తెర మీద పేజీ తెరుచుకుంది. ఎర్ర పెట్టె గోడ మీద చెయ్యి చాపినంత వెడల్పున కనిపించింది. మేనేజరు ఇంకేమీ అనలేదు. ఇది ముందునుంచీ ఉందని అనలేదు. "మీరు చూసింది ఈ పేజీనే కదండీ?" అని మాత్రం అడిగాడు. అబద్ధమాడకుండా అబద్ధాన్ని గోడ మీద నిలబెట్టడం ఎలాగో ఆమె మొదటిసారి చూసింది.

డాక్టరు దాన్ని బయటికి చదివింది. చదివి పక్కకు తిరిగింది. "ఇంత స్పష్టంగా రాసి ఉంది కదా?"

ఎన్నేళ్ళుగానో ఎవరి నోటనైనా వినాలనుకున్న మాట అది. వినగానే ఆమె రాసుకోవడం ఆపేసింది.

ఆయన తెర దగ్గరికి వంగాడు. పెదవులు కదిలాయి. మళ్ళీ మొదటినుంచి కదిలాయి. "ఇది నేను చూడలేదండీ," అన్నాడు.

"మీరు చూడలేదా, అది అక్కడ లేదా?"

మంచి ప్రశ్న. గడ్డం నేల చూపులు చూశాడు. మేనేజరు నీళ్ళ గ్లాసు అందుకున్నాడు. మైకు బటన్ ఆమె వేలికి బెత్తెడు దూరంలో ఉంది. నొక్కలేదు. ఈ మేనేజరు ముందు, ఈ గదిలో, ఇప్పుడు నోరు తెరిస్తే రేపు ఈ కుర్చీ ఉండదన్న భయం తప్ప ఆ క్షణంలో ఆమెకు ఇంకే ఆలోచనా లేదు.

ఆ ప్రోగ్రామర్ పేజీనే చాలాసేపు చూశాడు. "చూడలేదేమోనండీ," అన్నాడు చివరికి. "ఉంది కదా మరి."

*

అక్క ఇంట్లోనే కుట్టుమిషను పెట్టుకుని జనం బట్టలకు బిగింపులూ వదుళ్ళూ చేస్తుంది. అక్కచెల్లెళ్ళిద్దరూ ఆ రెండు గదుల ఇంట్లోనే ఉంటున్నారు. ముందు గదిలో సగం మిషనుది, మిగతా సగం వచ్చేపోయేవాళ్ళది.

"ఏమైందే? మొహం అలా వేలాడేసుకొచ్చావు?" అంది అక్క, గుండుసూదులు పళ్ళ మధ్య పెట్టుకునే.

చెప్పింది. ఎర్ర పెట్టె, టిక్కు, తెర మీది మనిషి, అంతా చెప్పింది. అక్క వింటూనే ఒక పాంటు అంచు విప్పుతోంది.

"నువ్వు రాస్తానన్నప్పుడు వద్దన్నారు. ఇప్పుడు వాళ్ళే రాయమన్నారు. నీ తప్పేముందే ఇందులో?"

"టిక్కు పెట్టింది నేనే కదక్కా."

"నువ్వు పెట్టకపోతే ఇంకొకరు పెడతారు. ఉద్యోగం ఊడగొట్టుకొచ్చావంటే నా మిషను దగ్గర కూర్చోబెట్టుకోలేనమ్మా. బొత్తాం కుట్టమంటే వేలు కుట్టుకునే రకానివి."

ఆమెకు నవ్వు వచ్చింది. అక్క కూడా నవ్వి, దారం తెంపి, పాంటు దులిపింది. దులుపుతూ అడిగింది: "ఇంతకీ ఆ బండి రానివాళ్ళు ఏమయ్యారే?"

ఆమె నవ్వు ఆగిపోయింది. "తెలీదు."

"తెలీదంటే?"

"ఎవరూ అడగలేదు."

"నువ్వో?"

"నేనూ అడగలేదక్కా."

అక్క నోట్లోంచి సూదులు తీసి పక్కన పెట్టింది. ఆ పాంటును మడతపెట్టింది. తిట్టి ఉంటే బాగుండేది. రెండు రోజులుగా 'పంపకండి'నా 'పంపవద్దు'నా అని తర్జనభర్జన పడింది గాని, బండి కోసం ఎదురుచూసిన మనిషి ఒకరుంటారన్న ఊహే తనకు రాలేదు. ఆమెకు తల కొట్టేసినట్టయింది.

*

గురువారం గాజు గది తలుపు తానే తోసుకుని వెళ్ళింది. అక్కడ గడ్డం కూడా ఉన్నాడు.

"తేదీ మార్చేస్తానండీ," అంది. "ఆయన చదివినప్పుడు అది లేదని చెబుదాం."

మేనేజరు కోప్పడలేదు. ఆయన కోప్పడే మనిషి కాదు. "నిన్నెవరైనా అబద్ధం రాయమన్నారామ్మా? ఆ పెట్టెలో ఉన్న ప్రతి మాటా నిజమే కదా? క్లినిక్ మనతోనే ఉంటానంది. వాళ్ళు ఆయన్ని పక్కన పెట్టారట, అది వాళ్ళింటి వ్యవహారం. మనం ఇప్పుడు కదిపితే ఈ క్లినిక్ పోతుంది, దాని వెనక ఇంకో నాలుగు పోతాయి. ముందు పోయేది ఎవరి సీటో నేను చెప్పాలా?"

బయటికి వచ్చాక గడ్డం వెనకే వచ్చాడు. నీళ్ళ కూజా దగ్గర ఆగాడు. "నాకిద్దరు పిల్లలు, పంతులమ్మా," అన్నాడు.

"ఆయనకు లేరా?"

"నాకేం తెలుసు?" అన్నాడు. నిజంగానే తెలియదు. గ్లాసు నింపుకుని, తాగకుండా అక్కడే పెట్టి వెళ్ళిపోయాడు.

ఆ రోజంతా ఆమె వేరే పేజీలు దిద్దుతూ కూర్చుంది. ప్రతి పేజీ అడుగునా ఉన్న తేదీ చూసినప్పుడల్లా, ఇందులో నిజమైనవి ఎన్ని అనిపించేది.

*

శుక్రవారం మధ్యాహ్నం ఫోన్లెత్తే అమ్మాయి పిలిచింది. "పంతులమ్మగారూ, ఎవరో డాక్యుమెంటు రాసినవాళ్ళే కావాలంటున్నారు. ఎంత చెప్పినా వినడం లేదు."

ఆ గొంతు వినగానే గుర్తుపట్టింది, క్లినిక్ ప్రోగ్రామరే. తిడతాడనుకుంది. తిడితే పడదామనీ అనుకుంది.

"మిమ్మల్ని ఇబ్బంది పెడుతున్నానేమోనమ్మా," అన్నాడాయన. "ఒక్క సందేహం. మీ పేజీ ఎలా చదవాలో కాస్త చెప్తారా?"

"ఎలా చదవాలంటే?"

"నేను పైనుంచి కిందదాకా చదివే మనిషినే. కాపీ కొట్టి పోయే రకం కాదు. ఒక్కో వాక్యం బయటికి చదువుకుంటూ పని చేస్తాను. మా ఆవిడ ఎగతాళి చేస్తుంది కూడా. మరి అంత ఎర్ర పెట్టె ఎలా దాటిపోయానో అంతుబట్టడం లేదు. నిన్న కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. కళ్ళు శుభ్రంగా ఉన్నాయన్నాడు. అంటే తలలోనే ఏదో తేడా వచ్చిందన్నమాట."

ఆమె కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకుంది. "బండి రానివాళ్ళు... వాళ్ళకెలా ఉందండీ?"

"ఒక పెద్దావిడ వాకిట్లో మధ్యాహ్నందాకా కూర్చుందట. ఇదిగో వస్తుంది, అదిగో వస్తుందని. సాయంత్రానికి ఊపిరాడక ఆసుపత్రిలో చేర్చారు. గండం గడిచింది, ఇంకా లేవలేదు. వెళ్ళి చూశాను. నా వల్లే జరిగిందని వాళ్ళమ్మాయితో చెప్పాను. ఇక నేనే మానేస్తానని మా డాక్టరమ్మకి చెప్పేశానమ్మా. కళ్ళెదుట ఉన్నది కనిపించనివాడు ఇలాంటి పని చెయ్యకూడదు. నా చోటికి వచ్చేవాళ్ళకి మాత్రం చెప్పి పోవాలి కదా, మీ పేజీలో ఏది ముందు చూడాలో. అందుకని ఫోన్ చేశాను."

"అది అక్కడ లేదండీ," అంది ఆమె. "మీరు చదివినప్పుడు లేదు. మొన్న మంగళవారం నేనే పెట్టాను."

అవతల ఆయన చిన్నగా నవ్వాడు. "మీరు మంచివారమ్మా. నా అవస్థ చూసి అంటున్నారు."

"కాదండీ. ఒట్టు."

"పేజీ నా ముందే ఉందమ్మా. కింద తేదీ ఉంది, పోయిన ఏడాదిది. నోటితో చెప్పేది ఎవరైనా చెబుతారు. రాసి ఉన్నదాన్నే కదా నమ్మాలి."

కొత్తవాళ్ళకు ఆమె మొదటి రోజు చెప్పే మాట అచ్చంగా అదే.

"ఫోన్ పెట్టెయ్యకండి," అంది. "ఒక్క నిమిషం."

పేజీ తెరిచింది. ఎర్ర పెట్టె కింద కొత్త వాక్యానికి చోటు చేసింది. చెయ్యి అలవాటుగా 'ఈ హెచ్చరిక ఇటీవల చేర్చబడినది' అని కొట్టింది. ఎవరు చేర్చారో, ఎప్పుడు చేర్చారో చెప్పకుండా తప్పించుకునే వాక్యం. చెరిపింది. మళ్ళీ కొట్టింది: 'ఈ హెచ్చరికను ఈ మంగళవారం చేర్చాం. సోమవారం దాకా ఈ పేజీలో ఇది లేదు. ఈ లోపం మాకు అంతకుముందే తెలుసు, మేం రాయలేదు. అంతకుముందు ఈ పేజీ చదివి ప్రోగ్రాం రాసినవారి తప్పు ఇందులో ఏమీ లేదు.'

టిక్కు గడి ఖాళీగా ఉంది. దాన్ని అలాగే వదిలేసింది. భయం వేసింది. అద్దె గుర్తొచ్చింది, అక్క గుర్తొచ్చింది. నెల తిరిగేసరికి ఏం చెయ్యాలో ఒక్క ముక్క తెలియదు. అయినా బటన్ నొక్కింది. పేజీలో మార్పు చేస్తే ఆఫీసులో అందరి తెరల మీదా కబురు వస్తుంది. గాజు గదిలో మేనేజరు తల పైకెత్తడం కంటి చివరనుంచి కనిపించింది.

"ఇప్పుడు పేజీ మూసి మళ్ళీ తెరవండి," అంది ఫోన్లో.

కీబోర్డు చప్పుడు వినిపించింది. ఆయన చదవడం మొదలుపెట్టాడు, తను చెప్పినట్టే, బయటికి, ఒక్కో మాటా విడదీసి. రెండో వాక్యం దగ్గర ఆగిపోయాడు.

"ఏమే, ఒకసారి ఇలా రా," అని కేకేశాడు, ఫోన్‌కి దూరంగా. "ఇక్కడేం రాసుందో చదువు. నాకు కనిపిస్తోంది. అయినా సరే, నువ్వు చదువు."

అడుగుల చప్పుడు. తరవాత ఒక ఆడగొంతు చదివింది. వంటపనిలోంచి లేచి వచ్చిన గొంతు, ఆయాసంగా. '...సోమవారం దాకా ఈ పేజీలో ఇది లేదు.' తను రాసింది ఇంకొకరు చదువుతుంటే పంతులమ్మ ఎప్పుడూ కామాలు లెక్కపెట్టేది. ఈసారి లెక్కపెట్టలేదు, వింది. గాజు గది తలుపు తెరుచుకుంది.

ఫోన్ చేతులు మారింది. "ఎవరండీ మీరు?"

"డాక్యుమెంట్లు రాసేదాన్నండి."

"ఇది మీరే రాశారా?"

"అవునండి."

"దీనిపైన ఎర్రగా ఉందే, అది?"

"అదీ నేనే రాశాను."

"బుధవారం నుంచి ఈయన తలుపు గడియ పెట్టానా లేదా అని నన్ను వచ్చి చూడమంటున్నారు," అంది. "పొయ్యి ఆపానా లేదా అని నన్ను చూడమంటున్నారు. తను చూసి, మళ్ళీ నన్ను చూడమంటున్నారు." గొంతులో కోపం లేదు. ఇంకేదో అంటుందని పంతులమ్మ ఎదురుచూసింది. క్షమించమని అడగడానికి మాటలు కూడదీసుకుంది. కాని ఆవిడ ఆగలేదు, ఫోన్‌ను బల్ల మీద పెట్టేసింది. కట్ చెయ్యలేదు.

"ఉంది, చదివాను కదా," అంటోంది అవతల. "లేవండి. లేచి మొహం కడుక్కోండి."

"ఇంకొక్కసారి చదువు," అన్నాడాయన.

"ఏమ్మా, ఏం చేశావమ్మా నువ్వు?" మేనేజరు ఆమె భుజం వెనక నిలబడి ఉన్నాడు. ఆమె వెనక్కి తిరగలేదు. ఫోన్ చెవికి అదిమి పట్టుకుంది. అవతల ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుని, మళ్ళీ మొదటినుంచి చదువుతోంది.